బంధుత్వం లేదని రుజువు

గడువుకు ముప్పై రోజులు

నమోదు కోరే ప్రతి సంఘానికీ ఒక కార్యదర్శి ఉండాలట. ఆ కార్యదర్శి దినచర్య రాయాలట. అందులో నిజమే రాయాలట. తొమ్మిదో నిబంధన. నిజం రాయమన్నారు కాబట్టి మొదటి నిజం ఇది: నాకు ఈ పని బొత్తిగా ఇష్టం లేదు. పొద్దున్నే కొండ అంచుకి వెళ్లి, పొగమంచును పట్టే వలలు దులిపి, చిరుగులు కుట్టి, తొట్టెలోకి దిగిన నీళ్లు కొలిచి వచ్చేసరికి వేళ్లు కొంకర్లు పోతాయి. మళ్లీ ఆ వేళ్లతోనే కలం పట్టాలి. కానీ మా సంఘంలో గొలుసుకట్టు కాకుండా విడివిడిగా అక్షరాలు రాసేది నేనొక్కదాన్నే.

నా పేరు గౌతమి. అది పడవ పేరు. సముద్రం డెల్టాని ముంచిన రోజున ఆ పడవలోంచి ముగ్గురు పసిపిల్లల్ని దించితే, శిబిరంలో గుమస్తా ముగ్గురికీ గౌతమి అనే రాసేశాడు. అందులో ఒకడు మగపిల్లవాడు. వాడు పెద్దయ్యాక పేరు మార్చుకున్నాడు. నేను మార్చుకోలేదు. ఎవరైనా వెతుక్కుంటూ వస్తే ఆ పడవ పేరు పట్టుకునే వస్తారని ఆశ. అరవై ఏళ్లయింది, ఎవరూ రాలేదు.

మాది వరసల సంఘం. మునక తర్వాత డెల్టా జనాన్ని చీటీలు తీసి పదకొండు మెట్ట నగరాలకు పంచారు. అన్న ఒక చోటికి, తమ్ముడు ఇంకో చోటికి. కార్డు మీద నంబరుంది గానీ ఇంటిపేరుకి గడి లేదు. పాత రికార్డులు సర్వర్లలో ఉన్నాయి, సర్వర్లు నీళ్లలో ఉన్నాయి. అందుకని ముప్పై ఏళ్ల కిందట అచ్యుతం మాస్టారు ఇక్కడి నీళ్ల హాల్లో ఒక బల్ల వేసుకుని కూర్చున్నారు. ఆదివారం పూట బిందెలతో నిలబడ్డవాళ్లని పిలిచి, మీరెవరి తాలూకు అని అడగడం మొదలుపెట్టారు. ఇప్పుడు మేం ముప్పై నలుగురు సభ్యులం, నలభై మూడు పుస్తకాలు. జీతం ఎవరికీ లేదు, పదవి అందరికీ ఉంది.

పోయినవారి వివరాల రక్షణ చట్టం అని కొత్తగా ఒకటి వచ్చింది. లాభాపేక్ష లేని సంస్థగా నమోదైతేనే చనిపోయినవాళ్ల పేర్లు దాచుకోవచ్చు. లేకపోతే గడువు దాటిన మర్నాడే ఆ కాగితాలు గుజ్జు మిల్లుకి పోతాయి. కాగితానికి కరువు కదా, మా ముత్తాతలు రేపు ఎవరి రేషన్ చీటీలుగానో తేలతారు.

ఇవాళ దీని మీద మూడు గంటలు సమావేశం జరిగింది. సంస్థ ముద్ర మీద చెట్టు బొమ్మ ఉండాలా, కొమ్మ చాలా అన్న చర్చకే రెండున్నర గంటలు పట్టింది.

గడువుకు ఇరవై ఆరు రోజులు

నమోదు కార్యాలయంలో మనిషి ఉండడు. గోడలో తెర, తెరలో గొంతు. అందరూ దాన్ని రిజిస్ట్రారు గారనే అంటారు, నమస్కారం కూడా పెడతారు. ఏ దరఖాస్తు ఇచ్చినా ముందు సంతోషం అంటుంది, ఆ తర్వాత తిప్పి పంపుతుంది.

“సంతోషం. లాభాపేక్ష లేనట్లు రుజువు చూపగలరు.”

“ముప్పై ఏళ్లుగా ఇదే చొక్కా అండి,” అన్నారు మాస్టారు.

తెర ఆ చొక్కాని కాసేపు చూసి, తరువాతి అంశానికి వెళ్లింది.

“సమావేశపు మినిట్సులో బాబాయి ప్రతిపాదించగా వదిన బలపరచినట్లు, మావయ్య అభ్యంతరము తెలుపగా అత్త ఆయనను కూర్చోమన్నట్లు ఉన్నది. ఇందరు బంధువులు ఒక్క సంస్థలో ఎట్లు కలరు?”

తప్పు నాదే. ఎవరు ఎవర్ని ఎలా పిలిస్తే అలా రాశాను. మా డెల్టావాళ్లు ఇద్దరు కలిస్తే కుశలం అడిగేలోపే వరస కలిపేస్తారు. పైగా ఇది వరసల సంఘం. అది చెబితే రిజిస్ట్రారు నాలుగో నిబంధన చదివింది.

“వ్యవస్థాపక సభ్యులు నలుగురు. వారిలో ఏ ఇద్దరికిని నాలుగు తరముల లోపు రక్తసంబంధము ఉండరాదు. పూర్వము సంస్థలన్నియు బావమరదుల చేతిలోకి పోయినందున ఈ ఏర్పాటు.”

“ఇంతేనా!” అన్నారు మాస్టారు, నా వైపు తిరిగి. “బంధుత్వాలు తేల్చడం మన పనేగా అమ్మా. నలుగుర్ని చూపించడం ఎంతసేపు?”

వచ్చే దారిలో ఆయన ఈల వేశారు. డెబ్భై ఎనిమిదేళ్ల మనిషి ఈల వేస్తే ఎవరికి సంతోషంగా ఉండదు? నాకూ అనిపించింది, ఇక గట్టెక్కినట్టే అని.

గడువుకు ఇరవై మూడు రోజులు

హాల్లో వరస పెట్టి పిలుచుకోవడం నిషేధించాం. అందరూ సభ్యుడు గారు, సభ్యురాలు గారు. తీర్మానం ఏకగ్రీవం. తీర్మానం అయ్యాక పావుగంట ఎవరూ మాట్లాడలేదు.

అందరికంటే అవస్థ పడినది మంగతాయారు గారు. ఆవిడకి డెబ్భై ఏళ్లు, పప్పు మిల్లులో చెరిగే పని. మా సంఘంలో పెళ్లిళ్లు, వంటలు, ఆనవాయితీలు ఆవిడ విభాగం. ఎవరైనా వచ్చి మా ఇంట్లో ఫలానాది ఆనవాయితీ లేదండీ అంటే చాలు, “ఎప్పణ్ణించి లేదు? పెట్టినప్పుడు ఎవరు పోయారు?” అని ఆరా తీసి, ఆ దారమే పట్టుకుని మూడు తరాలు వెనక్కి వెళ్లిపోతారు. అలాంటి మనిషి ఇవాళ గొట్టాల మేస్త్రీ ఏలియాతో, “సభ్యుడు గారూ, మీ మొహం మండా, ఆ బెంచీ కాస్త జరపండి,” అన్నారు. అని, “ఛీ, తిట్టినట్టే లేదు,” అని కూర్చున్నారు.

నాకు మాత్రం ఏ ఇబ్బందీ కలగలేదు. నేనెప్పుడూ ఎవర్నీ వరస పెట్టి పిలవలేదు. పదకొండో పుస్తకంలో నా పేజీ ఉంది. పైన గౌతమి, కింద అంతా తెల్లకాగితం. “ఏదో ఒకటి పిలవ్వే, అరిగిపోతానా!” అని మంగతాయారు గారు చాలాసార్లు దెప్పారు. లేనిదాన్ని పిలవడం ఎందుకని ఊరుకున్నాను. కాస్త రోషం కూడా ఉంది అందులో. ముప్పై ఏళ్లుగా ఊరందరి పేజీలూ నింపాను మరి.

గడువుకు పంతొమ్మిది రోజులు

మాస్టారి పట్టిక తిరిగి వచ్చింది.

“సంతోషం. నాలుగవ తరమున పదహారుగురు పూర్వీకులు ఉండవలెను. తమకు పదుగురే ఉన్నారు. మిగిలిన ఆరుగురిని సమర్పించగలరు.”

“మా నాన్న మా అమ్మకి సొంత మేనమామ అండి,” అని మాస్టారు ఓపిగ్గా మొదలుపెట్టారు. “అందుచేత మా నాయనమ్మే మా అమ్మకి అమ్మమ్మ. ఇక మా తాతగారు చేసుకున్నది మేనత్త కూతుర్ని. అలా తగ్గారు.”

“ఒక వ్యక్తి రెండు గడులలో ఉండజాలరు.”

“ఉన్నారండి. ఆవిడ ఒళ్లోనే పెరిగాను.”

తెర మీద చక్రం చాలాసేపు తిరిగింది. ఆఖరికి, ఆ ఆరుగురూ ‘గల్లంతు’ అని రాసిమ్మంది. మాస్టారు కోపంగా రాసిచ్చారు. పుట్టనే పుట్టని ఆరుగురిని మునకలో పోగొట్టుకున్న మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు.

గడువుకు పదహారు రోజులు

ముప్పై నలుగురు సభ్యుల పేజీలూ బల్ల మీద పరిచి చూశాం. ఒకరికొకరు ఏమీ కాని నలుగురు దొరకలేదు. ముగ్గురు కూడా దొరకలేదు. మేం పని సరిగ్గా చేయకపోయి ఉంటే ఈపాటికి నమోదయ్యేవాళ్లం.

వ్యవస్థాపకులంటే పేరు రాగి రేకు మీద చెక్కుతారని ఎవరో పుకారు లేపారు. దాంతో జనం హాలు మీద పడ్డారు. నాలుగేళ్ల కిందట తన అన్న ఏడో నగరంలో బతికే ఉన్నాడని చెబితే నా చేతులు పట్టుకుని ఏడ్చిన మనిషి ఇవాళ వచ్చి, “మా అన్నని కొట్టెయ్యడం కుదురుతుందా అమ్మా? ఊరికే, ఓ నెల్రోజులకి,” అన్నాడు. కుదరదన్నాను. “పోనీ సవతి అన్న అని రాయండి,” అన్నాడు. ఇంకో ఆవిడ తన మేనత్త తన మేనత్త కాదని ప్రమాణం చేయడానికి ఆ మేనత్తనే సాక్షిగా తీసుకొచ్చింది. మేనత్త కూడా నిక్షేపంలా కాదంది.

గడువుకు పన్నెండు రోజులు

మాస్టారు ఏలియా భుజం మీద చెయ్యేసి, “నాకూ ఇతనికీ ఏ సంబంధమూ ఉండటానికి వీల్లేదు,” అని ప్రకటించారు. నిజమే అనుకున్నాం. వాళ్లది మిషను కాంపౌండు కుటుంబం, మూడు తరాలుగా చర్చి రిజిస్టరులో పేర్లున్నాయి. మాస్టారిది పంచాంగాలూ పౌరోహిత్యం తెలిసిన ఇల్లు. ఇద్దరు దొరికారు, ఇంకో ఇద్దరు చాలు.

ఇంతలో మంగతాయారు గారు అలవాటు కొద్దీ ఏలియాని అడిగారు. “మీ ఇంట్లో ఆనవాయితీ లేనిదేదైనా ఉందా?”

“మాకలాంటియ్యేమీ ఉండవండి, ఆయ్,” అన్నాడు ఏలియా. మళ్లీ కాస్త ఆగి, “గుమ్మడి వడియాలు మాత్రం పెట్టరండి. పెడితే ఇంట్లో పెద్దోళ్లు పోతారంట,” అన్నాడు.

మాస్టారు భుజం మీద చెయ్యి తీసేశారు. మాకందరికీ తెలుసు, గుమ్మడి వడియాలు అచ్చిరానిది మాస్టారింట్లోనే. ఆయన ముత్తాత తమ్ముడొకాయన ఇల్లు వదిలిపోయాడు. మూడో పుస్తకంలో ‘కాశీకి పోయెను, తిరిగి రాలేదు’ అని ఉంది. ఏలియా ముత్తాత దేవసహాయం గారిదీ అదే ఊరు, అదే వయసు.

“మా ఇంట్లో కాశీకనే చెప్పేవారయ్యా,” అన్నారు మాస్టారు, గొంతు తగ్గించి.

“కాశీ కాదండి. కాంపౌండుకి. నాలుగు వీధులవతల,” అన్నాడు ఏలియా.

నాలుగు వీధుల దూరాన్ని దాచిపెట్టడానికి కాశీ దాకా పోవాల్సి వచ్చింది వాళ్లకి. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “అయితే మీరు నాకు...” అని ఏలియా మొదలుపెట్టగానే మాస్టారు లేచి, “ఇక్కడ కాదు, నిషేధం. బయటికి పద,” అని లాక్కుపోయారు. కిటికీలోంచి కనిపించింది, ఇద్దరూ బిందెల దగ్గర నిలబడి నవ్వుతున్నారు. ఒకరు కళ్లు కూడా తుడుచుకున్నారు.

లోపలికి వచ్చాక మాస్టారు తన పేరు కొట్టేసి ఏలియా పేరు ఉంచారు. సంఘం పుట్టించిన మనిషికి వ్యవస్థాపకుడిగా చోటు లేకుండా పోయింది. ఆయన ఇవాళ టీ తాగలేదు. నాకు కష్టంగా అనిపించింది.

గడువుకు పది రోజులు

రెండో మనిషి సవర సింగన్న. ఇతను ఈ కొండవాడే. ఆదివారాలు మా హాలుకి టీ కోసం వస్తాడు, వచ్చి మా గొడవలు వింటూ కూర్చుంటాడు. అడిగితే పగలబడి నవ్వాడు.

“ఈ కొండ మీద మా తాతల తాతల్నించి ఉన్నాం. మీరంతా మొన్నొచ్చారు. మీకూ నాకూ వరసేటి? మావోళ్లెవరో మాకు తెలుసు, రాసుకోవడం కూడా అక్కర్లేదు. సరే, మీ సరదా, వేలిముద్రెక్కడ?”

మంగతాయారు గారికి ఏలియాతోగానీ సింగన్నతోగానీ ఏ సంబంధమూ తేలలేదు కాబట్టి ఆవిడ మూడో మనిషి. నాలుగో మనిషిని వెతకనక్కర్లేదని అందరికీ ఒకేసారి తట్టింది. అందరూ ఒకేసారి నా వైపు చూశారు.

ఎవరూ లేనిదాన్ని నేనే కదా. ముప్పై ఏళ్లుగా నా పేజీని చూసి అయ్యో అన్నవాళ్లంతా ఇవాళ చప్పట్లు కొట్టారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేనూ కొట్టాను.

సాయంత్రం రిజిస్ట్రారు మెలిక పెట్టింది. “సంతోషం. గౌతమి గారి పట్టికలో ‘తెలియదు’ అని ఉన్నది. తెలియదు అనగా లేదు అని కాదు. బంధువులు లేరని నిర్ధారించుటకై శిబిరపు రక్షణ రిజిస్టరు తెరిపించుచున్నాము.”

ఆ రిజిస్టరు కోసం నేను తొమ్మిదిసార్లు అర్జీ పెట్టాను. నాకెవరైనా ఉన్నారేమో చూసుకుంటానని పెట్టాను. వ్యక్తిగత కారణాలపై ఇవ్వబడదని తొమ్మిదిసార్లూ జవాబు వచ్చింది. ఇప్పుడు నాకెవరూ లేరని తేల్చడానికి మాత్రం తనంతట తానే తెరిచింది.

గడువుకు నాలుగు రోజులు

కాగితం వచ్చింది. వలల దగ్గరే విప్పాను.

‘గౌతమి పడవ, మూడవ దఫా. ఆడపిల్ల, ఐదు నెలలు, పేరు పెట్టలేదు. ఊరు వెలగలంక. తల్లి భాగీరథి. తల్లి తదుపరి దఫాలో వచ్చెదనని చెప్పి పిల్లను అందించినది.’ పక్కన నా కార్డు నంబరు.

తదుపరి దఫా లేదని అందరికీ తెలిసిందే.

అమ్మ పేరు భాగీరథి. నేను దాన్ని పైకి అనుకుని చూశాను. వలల మధ్య ఎవరూ లేరు కాబట్టి ఇంకోసారి అనుకున్నాను. ఆ తర్వాత ఈ పేరు ఎక్కడో రాశానే అని గుర్తొచ్చింది.

హాలుకి పరుగెత్తాను. పదిహేడో పుస్తకం. మంగతాయారు గారి పేజీ. ఆవిడ చెబుతుంటే పద్నాలుగేళ్ల కిందట నేనే రాశాను, నా విడివిడి అక్షరాలే. ‘అక్క భాగీరథి, వెలగలంక, మునకలో మృతి. ఆమె కూతురు, ఐదు నెలలు, పేరు పెట్టలేదు, మృతి.’ ఆ రోజు ఆవిడ చెప్పలేక ఆగిపోతే, మరేం ఫర్వాలేదు నిదానంగా చెప్పండని మంచినీళ్లు కూడా ఇచ్చాను. నా చావు నేనే రాసుకుని, సంతకం చేసి, తేదీ వేశాను.

మంగతాయారు గారు నాకు పిన్ని. సొంత పిన్ని.

ఈ సంగతి రిజిస్ట్రారుకి తెలియదు. దాని దగ్గర శిబిరం రిజిస్టరుంది గానీ పదిహేడో పుస్తకం లేదు. రెండూ పక్కపక్కన పెట్టి చూసినదాన్ని నేనొక్కదాన్నే. మాస్టారికి చూపించాను. ఆయన కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని మళ్లీ చదివారు. ముందు ఆయన మొహంలో వచ్చింది సంతోషమే, అది నేను చూశాను. తర్వాత పోయింది.

“నాలుగు రోజులు ఆగగలవా అమ్మా?” అన్నారు. “నమోదు కానీ. తర్వాత నేనే వెళ్లి ఆవిడకి చెబుతాను. ఇప్పుడు చెబితే ఆవిడ నోరు ఆగదు, నీకు తెలుసుగా. నలభై మూడు పుస్తకాలమ్మా. నాలుగు వందల ఇళ్లవాళ్ల తాతలు.”

అరవై ఏళ్లు ఆగినదాన్ని నాలుగు రోజులు ఆగలేనా? సరేనన్నాను. అనగానే నా మీద నాకు అసహ్యం వేసింది.

ఈ పేజీ ఎవరికీ చూపించకూడదు. గడువు రోజున ఇవ్వడానికి ఇంకో దినచర్య తయారుచేస్తున్నాను. అందులో ఇవాళ్టి తేదీ కింద ‘వల ఒకటి చిరిగినది, విశేషాలు లేవు’ అని రాశాను.

గడువు రోజు

పదకొండు గంటలకి నలుగురం తెర ముందు నిలబడ్డాం. మాస్టారు వెనక బెంచీ మీద కూర్చున్నారు. మంగతాయారు గారు ఉతికి మడతపెట్టుకున్న చీర కట్టుకొచ్చారు.

ఒక్కొక్కరి పట్టికా పైకి చదివి, ఆ తర్వాత ప్రమాణం చేయిస్తారని మాకెవరూ చెప్పలేదు. అభ్యంతరాలు ఉన్నవారు వినడానికట. ఏలియాది చదివింది. “ఈ ముగ్గురిలో నాకు రక్తసంబంధీకులెవరూ లేరండి,” అన్నాడు. సింగన్నది చదివింది. “లేరు,” అన్నాడు.

“గౌతమి. కార్యదర్శి. మునకనాటికి వయసు ఐదు నెలలు. ఊరు వెలగలంక. తల్లి పేరు భాగీరథి. పిల్లను అందించి తల్లి రేవులోనే ఉండిపోయినది. తక్కిన బంధువులు తెలియరాలేదు. ప్రమాణము చేయగలరు.”

నేను పక్కకి చూడలేదు. తెర కింద ప్రమాణం చేసే పలక మీద చెయ్యి పెట్టాను. జనాభా లెక్కలవాళ్లకీ, రేషన్‌వాళ్లకీ, ఆసుపత్రిలో సంతకం అడిగినవాళ్లకీ నా జన్మంతా చెబుతూ వచ్చిన మాటే ఇది. ఎప్పుడూ తడుముకోలేదు. ఇవాళ మొదటిసారి అబద్ధమైంది.

“ఈ ముగ్గురిలో నాకు ఎవరూ లేరు,” అన్నాను.

“సంతోషం. మంగతాయారు గారు.”

మంగతాయారు గారు పలక దగ్గరికి వెళ్లలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడ్డారు.

“నీకు తెలుసా?”

“నాలుగు రోజులుగా,” అన్నాను.

చెంప మీద ఒక్కటిచ్చారు. పప్పులు చెరిగిన చెయ్యి, గట్టిది. ఇచ్చి, ఆ చేత్తోనే నా మొహం అటూ ఇటూ తిప్పి చూశారు. చూసి, తెర వైపు తిరిగారు.

“రాసుకో. ఉంది. నాకుంది. ఇదిగో ఇది మా అక్క కూతురు. పేరు పెట్టలేదు.”

“ప్రమాణపాఠములో ‘లేరు’ అని...”

“ఉందని చెబుతుంటే లేరంటావేంటి?”

చక్రం తిరిగింది. “సంతోషం. దరఖాస్తు తిరస్కరించబడినది. కాగితములను రేపు నాలుగు గంటలకు తీసుకొనిపోవుదురు.”

వెనక మాస్టారు బెంచీ మీంచి లేవలేదు. “ముప్పై ఏళ్లు తల్లీ,” అన్నారు. అరవలేదు. అరిచినా బావుండేది.

మంగతాయారు గారు ఆయన దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. “మాస్టారూ, ఆ పుస్తకాలు దేనికి రాశారు? ఇదిగో, ఇలాంటిదొకటి దొరుకుతుందనేగా. దొరికినదాన్ని దొరకలేదని చెప్పి, పుస్తకాలు బీరువాలో పెట్టుకుందామా?”

మాస్టారు లేచారు. ఒక్కరే నడుచుకుంటూ వెళ్లిపోయారు. నాకు సంతోషించే ధైర్యం లేకపోయింది. ఆవిడ నా చెయ్యి పట్టుకునే ఉన్నారు, విడిపించుకునే ధైర్యమూ లేదు. పిన్ని అనాలి. నోరు తిరగలేదు.

గడువు మర్నాడు

పొద్దున ఏడింటికే హాలుకి వెళ్లాను, పుస్తకాలు చివరిసారి చూసుకుందామని. నాకంటే ముందు మాస్టారున్నారు. బల్ల మీద మొదటి పుస్తకం, చేతిలో బ్లేడు.

“ఏలియా రాత్రి చట్టం చదివాడట,” అన్నారు. “సంఘాలు దాచిన కాగితాలే తప్పట. ఒక మనిషి తన తాత పేరు ఒక కాగితం మీద ఇంట్లో పెట్టుకుంటే తప్పు లేదట. కుట్టు విప్పేస్తే పుస్తకం పుస్తకం కాదుగా.”

అన్నారే గానీ దారం తెంపలేకపోయారు. ఆ కుట్టు ఆయన భార్య వేసినది. రెండుసార్లు బ్లేడు ఆనించి తీసేశారు. ఏలియా వచ్చి, “ఇటివ్వండి అన్నయ్య గారూ,” అని తీసుకుని, ఒక్కో కుట్టూ నెమ్మదిగా విప్పాడు. ఇక నిషేధం లేదు కదా, సంఘమే లేదు.

ముప్పై నలుగురం వీధులు పంచుకున్నాం. ఎవరి పేజీ వాళ్ల గుమ్మంలో ఇచ్చి రావడమే. మూడు గంటలకల్లా నాలుగు వందల పన్నెండు ఇళ్లు అయ్యాయి. అన్నని కొట్టెయ్యమన్న మనిషి తన పేజీ రెండు చేతులతో తీసుకుని, అన్న పేరు ఉందా లేదా అని అక్కడికక్కడే చూసుకున్నాడు. పదిహేడో పుస్తకంలో ఆ పేజీ నేను తీసుకెళ్లలేదు. మంగతాయారు గారే వచ్చి పట్టుకెళ్లారు.

నాలుగింటికి గుజ్జు బండి వచ్చింది. నలభై మూడు అట్టలు అప్పగించాం. తూచి, రసీదు ఇచ్చి, సహకరించినందుకు సంతోషం అంది.

గడువు దాటి పది రోజులు

ఈ దినచర్య అడిగేవాళ్లెవరూ లేరు. అలవాటైపోయి రాస్తున్నాను.

మొన్న ఆదివారం హాలుకి ఎవరూ రాలేదు. ఒకరికొకరు ఏమవుతారో తెలియాలంటే ఇప్పుడు బల్ల దగ్గరికి రావడం కాదు, అవతలివాళ్ల గుమ్మం ఎక్కాలి. వాళ్ల పేజీ పక్కన మన పేజీ పెట్టుకోవాలి. నేను వలల నుంచి దిగి వస్తుంటే వీధి వీధినా అరుగుల మీద కాగితాలు, టీ గ్లాసులు, కేకలు. మాస్టారు ఏలియా ఇంట్లో ఉన్నారు. పద్ధతీ పాడూ లేకుండా పోయిందని విసుక్కుంటున్నారు. విసుక్కుంటూనే రెండో గ్లాసు తాగారు.

మంగతాయారు గారు ఈ పది రోజులూ నాతో ముభావంగానే ఉన్నారు. లేరన్నానన్న కోపం పోలేదు. నేనూ వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? ఇవాళ సాయంత్రం మిల్లు నుంచి వస్తూ మా వీధిలో ఆగి, “రేపు మునక రోజు. పదింటికల్లా రా. స్నానం చేసి రా,” అని, జవాబు కోసం చూడకుండా వెళ్లిపోయారు.

గడువు దాటి పదకొండు రోజులు

మునక రోజున ప్రతి ఇంట్లోనూ పోయినవాళ్లకి విస్తళ్లు వేస్తారు. ఎందరు పోతే అన్ని. వడ్డించి, కాసేపు తలుపు వేసి, తర్వాత తీసి కాకులకి పెడతారు. విస్తరి వెయ్యడానికి నాకెవరూ లేక, ఏటా ఆ రోజున వలల పని నేనొక్కదాన్నే చేసేదాన్ని. ఇవాళ వలల దగ్గర సింగన్నని ఉండమని చెప్పి వెళ్లాను.

ఆవిడది ఒక్క గది. గోడ పక్కన రెండు విస్తళ్లు వేసి ఉన్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పెద్దదానిలో సామల అన్నం, పప్పు, పులుసు, గోంగూర పచ్చడి. చిన్నదానిలో ఏమీ వడ్డించలేదు. దాని ముందు పీట వేసి ఉంది.

“కూర్చో,” అన్నారు.

కూర్చున్నాను. ఆవిడ పొయ్యి మీంచి చిన్న గిన్నె దించారు. అందులో వరి అన్నం. మెట్టలో వరి ఎంత కష్టమో తెలిసినదాన్ని, అలా చూస్తుండిపోయాను. దాని మీద పాలు పోసి, చేత్తో మెత్తగా మెదిపి, నా విస్తట్లో పెట్టారు.

“అన్నప్రాశన కాకుండానే పోయిందని ఏటా ఇదే పెడుతున్నాను,” అన్నారు. “మునిగినప్పుడు నాకు పదేళ్లు. అప్పణ్ణించి ఒక్క ఏడూ తప్పలేదు.”

అరవై ఏళ్లుగా నా వాటా అన్నం కాకులు తింటున్నాయన్నమాట. ఆ మాటే పైకి అంటే ఆవిడకి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది, ఇద్దరం ఏడ్చాం. ఆవిడ కొంగుతో నా మొహం తుడిచి, తిను తిను అన్నారు. తిన్నాను. ఉప్పు లేదు, కారం లేదు. నాలుగు ముద్దలు తిన్నాక పక్క విస్తట్లో గోంగూర మీదికి చూపు పోయింది.

“పిన్నీ, ఓ కాస్త పచ్చడి వెయ్యవా?” అన్నాను.

“నోరు మూసుకుని తిను,” అంది మా పిన్ని. “ముందు పళ్లు రానీ.”